ట్రాన్స్ వేరు, ఇంటర్‌సెక్స్ వేరు: పిల్లల గేముల దగ్గరే విడదీసి చెప్పండి

పరాయి దేశంలో పెరిగే మన పిల్లల్లో చాలామంది ట్రాన్స్, ఇంటర్‌సెక్స్ అనే సంగతులు మొదట చూసేది వీడియో గేముల్లోనే. ఇంట్లో తెలుగులో అడిగితే మన నోటికి అందే మాటలు రెండే. ‘నపుంసకుడు’ ఎప్పుడో తిట్టయిపోయింది. ‘హిజ్రా’ ఒక సమాజం పేరు, ఒంటి తీరు పేరు కాదు. అందరినీ ఈ రెండు మాటల కిందకే తోసేస్తే పిల్లలకు ఏదీ అర్థం కాదు.

ట్రాన్స్ అంటే పుట్టినప్పుడు కాగితం మీద రాసిన లింగం ఒకటి, మనిషి తనలో ఎరిగినది మరొకటి. ఇంటర్‌సెక్స్ అంటే క్రోమోజోములు, బీజగ్రంథులు (అండాశయాలు, వృషణాలు), హార్మోన్లు, జననాంగాల్లో ఏదో ఒకటి ఆడ, మగ అనే మామూలు నమూనాకు సరిపడకుండా పుట్టడం. ట్రాన్స్ వాళ్లలో ఎక్కువమందికి ఇంటర్‌సెక్స్ లక్షణాలు ఉండవు. ఇంటర్‌సెక్స్ వాళ్లలో ఎక్కువమంది రాసిన లింగంతోనే బతుకుతారు.

గేము ఎంచుకునేటప్పుడు డబ్బా మీద వయసు చూడండి. అమెరికా రేటింగ్ ప్రకారం 2018లో వచ్చిన ‘సెలెస్ట్’ పదేళ్లు నిండిన పిల్లలు ఆడుకోవచ్చు. కొండెక్కే మాడలిన్ ట్రాన్స్ అని అందులో ఎవరూ నోటితో అనరు. 2019లో కలిపిన చివరి అధ్యాయంలో ఆమె బల్ల దగ్గర చిన్న ట్రాన్స్ జెండా కనిపిస్తుంది, అంతే. సృష్టికర్త మాడీ థోర్సన్ 2020లో ఆ సంగతి ధ్రువీకరించారు. ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ (2020) మాత్రం పదిహేడేళ్లు నిండినవాళ్లకే. హింస చాలా ఎక్కువ. అందులో లెవ్ ట్రాన్స్ అబ్బాయి. గొంతు ఇచ్చిన ఇయాన్ అలెగ్జాండర్ కూడా ట్రాన్సే. అదే గేములో కండలు తిరిగిన ఆబీని చూసి ఆమె ట్రాన్స్ అని పుకారు లేచింది. అది అబద్ధం, ఆబీ కసరత్తు చేసి బలం పెంచుకున్న ఆడమనిషి. కండలు చూసి లింగం తేల్చెయ్యడం పిల్లలకు ఇక్కడే అబ్బుతుంది కాబట్టి గేము ఆపి మాట్లాడాల్సిన చోటు ఇదే.

పాత్రను తయారుచేసుకునే తెర ఇంకో పొరపాటు నేర్పుతుంది. ‘సైబర్‌పంక్ 2077’లో ఒళ్లు, గొంతు విడివిడిగా ఎంచుకోవచ్చు, సర్వనామం మాత్రం గొంతును బట్టి మారుతుంది. ‘సిమ్స్ 4’లో 2022 నుంచి సర్వనామాన్ని విడిగా ఎంచుకోవచ్చు. దాంతో శరీరం కూడా ఇలా ముక్కముక్కగా అమరుతుందని పిల్లలు అనుకుంటారు. కానీ తల్లి కడుపులో జరిగేది ఒకదాని వెంట ఒకటి. ఏడో వారం నాటికి పిండంలో ఆడ, మగ అవయవాలుగా మారగల రెండు రకాల నాళాలూ ఉంటాయి. వై క్రోమోజోము మీది ఎస్‌ఆర్‌వై జన్యువు పనిచేస్తే వృషణాలు ఏర్పడతాయి. అవి విడుదల చేసే ఒక హార్మోను గర్భాశయం కావాల్సిన నాళాన్ని కరిగించేస్తుంది. అవే విడుదల చేసే మరో హార్మోను టెస్టోస్టెరాన్ రెండో నాళాన్ని నిలబెడుతుంది.

ఈ వరసలో ఒక్క మెట్టు మారితే చాలు, ఇంటర్‌సెక్స్ లక్షణం ఏర్పడవచ్చు. ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ పూర్తిగా ఉన్నవారికి ఎక్స్‌వై క్రోమోజోములు, లోపల వృషణాలు ఉంటాయి, గర్భాశయం ఉండదు. టెస్టోస్టెరాన్ తయారవుతుంది కానీ కణాలు దాన్ని అందుకోలేవు, కాబట్టి బయటికి పూర్తిగా అమ్మాయి శరీరమే. చాలామందికి ఈడొచ్చినా నెలసరి రాలేదని పరీక్ష చేయించినప్పుడే ఇది బయటపడుతుంది. రెండు రకాల అవయవాలూ పూర్తిగా పనిచేసే మనుషులు ఉంటారన్నది కల్పన.

ఇంటర్‌సెక్స్ వాళ్లు ఎంతమంది అంటే పిల్లలు ‘1.7 శాతం మంది’ అన్న అంకె తెస్తారు. అందులో ఎక్స్, వై క్రోమోజోముల సంఖ్యలో తేడా ఉండే క్లైన్‌ఫెల్టర్, టర్నర్ రకాలు, కిడ్నీల మీది అడ్రినల్ గ్రంథుల్లో ఆలస్యంగా బయటపడే తేడాలు కూడా కలిసి ఉన్నాయి. అవి తీసేసి, జననాంగాలు స్పష్టంగా లేనివాళ్లను, క్రోమోజోములకు ఒంటి తీరు పొసగనివాళ్లను మాత్రమే లెక్కిస్తే 0.018 శాతం. తేడా గీత గీసిన చోటులో ఉంది.

ఒక్క విషయంలో ఆలస్యం ప్రాణాంతకం. అడ్రినల్ గ్రంథులు హార్మోన్లు సరిగా తయారుచేయలేక, కొందరిలో జననాంగాల తీరు కూడా మారే జబ్బు పుట్టుకతో వచ్చే అడ్రినల్ హైపర్‌ప్లేసియా. అందులో ఒంట్లో ఉప్పు నిలవని రకం ఉంది. మొదటి రెండు మూడు వారాల్లో వాంతులు, బరువు తగ్గడం, సోడియం పడిపోవడం కనిపిస్తాయి. హైడ్రోకార్టిసోన్ అనే మందు వెంటనే ఇవ్వాలి. ఇది ప్రాణం నిలిపే వైద్యం. పసికందు ఆకారాన్ని ‘సరిచేసే’ శస్త్రచికిత్స సంగతి వేరు. మాల్టా 2015లోనే, వాయిదా వేయగలిగినవాటిని బిడ్డ ఒప్పుకోలు లేకుండా చెయ్యకూడదని చట్టం చేసింది.

ఇక తెలుగు క్రియల ఇబ్బంది. ఇంగ్లిష్‌లో సర్వనామం మారిస్తే సరిపోతుంది, మనకు క్రియ చివర కూడా లింగం బయటపడుతుంది. లెవ్ ‘వచ్చాడు’, మాడలిన్ ‘ఎక్కింది’. తెలుగు అంతగా రాని పిల్లలు ఆడవాళ్లందరినీ ‘అది’ అనేస్తుంటారు. ట్రాన్స్ మహిళ విషయంలో ఆ మాట మరీ గుచ్చుకుంటుంది, ‘ఆమె’ అని వెంటనే దిద్దండి. ఆడా మగా కాదనే పెద్దవాళ్లకు ‘వారు, వచ్చారు’ చక్కగా అతుకుతుంది. తోటి పిల్లలకు ‘వారు’ ఎబ్బెట్టుగా ఉంటుంది, ‘తను వచ్చింది’ అంటే లింగం బయటపడనే పడింది. అక్కడ ‘తనకి’తో వాక్యం మొదలెట్టడం నేర్పండి: తనకి తెలుసు, తనకి ఆకలేస్తోంది, తనకి ఈ గేమంటే ఇష్టం.