నారోగేజ్ లోపమూ, మా ఇంటి తెలుగూ

ఎనిమిదో తరగతి పిల్లకు కొత్త ఇంగ్లీషు మాట దొరికిందంటే ఇంటిల్లిపాదికీ నెమ్మది ఉండదు. మా అమ్మాయికి ఈ ఏడు దొరికింది ‘ఇన్‌హెరెంట్ డిజడ్వాంటేజ్’, అంటే పుట్టుకతోనే వచ్చిన లోపం. బళ్ళో డిబేట్ కోసం టీచరు రాయించారట: రాత్రిపూట పనిచేయకపోవడం సోలార్ కరెంటుకు ఇన్‌హెరెంట్ డిజడ్వాంటేజ్ అని. అక్కడితో ఆగితే బాగుండేది. ములక్కాడకి పీచు, పలాస బండికి ఆలస్యం, తమ్ముడికి తమ్ముడు కావడం, అన్నీ ఆ ఖాతాలోకే పోయాయి. మేమూ నవ్వుకున్నాం. ఓ పొద్దున్న ఒడియా నోట్సు సంచిలో కుక్కుకుంటూ, “ఇంట్లో మనం తెలుగు మాట్లాడ్డం నాకు ఇన్‌హెరెంట్ డిజడ్వాంటేజే కదమ్మా” అంది.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. నా పుట్టిల్లు ఆంధ్రవైపు పాతపట్నం, ఆటోలో పోయేంత దూరం. మమ్మల్ని ప్రవాసులంటే నాకే వింతగా ఉంటుంది. మా అత్తవారు ఎటూ కదల్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు సరిహద్దు గీతే వాళ్ళ గుమ్మం దాటి అవతలికి పోయింది. అయినా అమెరికాలో ఉన్న మా ఆడపడుచు చెప్పుకునే బాధలే మావీను. ఆవిడకి విమానం ఖర్చు అదనం, అంతే.

పిల్ల మాటలో నిజం లేకపోలేదు. ఒడియాలో ‘అ’ని నోరు గుండ్రం చేసి ‘ఒ’లా పలకాలి, ‘కమళ’ అని రాసి ‘కొమొళొ’ అనాలి. రాతలో మార్కులు బాగానే వస్తాయి. గట్టిగా చదవమంటే మాత్రం తెలుగు ‘అ’ బయటపడి వెనక బెంచీలో కిసుక్కుమంటారు. పాతపట్నం వెళ్తే అదే తిరగబడుతుంది. అక్కడ దీని నోట విజయవాడ ‘బిజయబాడ’ అవుతుంది, మేనమామ పిల్లలు పొట్టలు పట్టుకుంటారు.

చిన్నాడిది ఇంకో తంటా. ఒడియాలో ‘ఠ’ అంటే నిండు సున్నాయే. వాడికి ముందు ఆ బడి, తర్వాత నా బడి. తెలుగు వాచకం తెరిచి, పంది బొమ్మ పక్కన వేలు పెట్టి, ఎంతో శ్రద్ధగా ‘ప-ఠ-ది’ అని చదివాడు. ఒడియా క్రియల్లో ఆడా మగా తేడా లేదు కాబట్టి “అమ్మమ్మ వచ్చాడు” అనేవాడు. “ఓరి గుంటడా, నన్ను మొగోణ్ణి చేసీసినావేటి!” అని మా అమ్మ ఒకటే నవ్వు. సంక్రాంతికల్లా ఈ రెండూ సర్దుకున్నాయి, నేను పెద్దగా చేసిందీ లేదు.

అందుకే పిల్లతో వాదనకి దిగాను. నౌపడా నుంచి మా ఊరికి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల నారోగేజ్ రైలు 1900లో మొదలైంది. పెద్ద లైను వ్యాగన్లు దాని మీదికి రాలేవు. నౌపడాలో ప్రతి బస్తా దించాలి, మళ్ళీ ఎక్కించాలి. ఆ ఇబ్బంది ఆ పట్టాతోనే పుట్టింది. 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ పడ్డాక ఇబ్బందీ పోయింది, ఆ చిన్న రైలూ పోయింది. నీ మాట దానికి చెల్లుతుంది. మన తెలుగుకి అలాంటిదేం ఉందే? నీ బళ్ళో తెలుగు టీచరు లేకపోవడం తెలుగులో ఉన్న లోపమా? ఇదే ఊళ్ళో గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పారు, కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే పుస్తకాలు రాశారు, అన్నాను.

“ఆయన కూడా 1936లో రాజమండ్రి వెళ్ళిపోయారుగా” అంది.

నిజమే. ఒడిశాలో కలిపినందుకు నిరసనగా వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతికి దండ వేసేవాళ్ళు ఆ సంగతి ఎత్తరు.

అసలు చిక్కు రూళ్ళది. ఒడిశా సర్కారు ఉద్యోగాలకి ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలంటారు, పిల్లకి అది అయిపోయింది. ఆంధ్రలో ఇంజనీరింగు సీటుకి లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్ పూర్తయ్యేసరికి వరుసగా నాలుగేళ్ళు అక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిది నుంచే. మా ఆయన లెక్క ప్రకారం ఈ వేసవిలోనే పాతపట్నం మార్చేయాలి, అమ్మ ఇల్లు ఉండనే ఉంది. పదమూడేళ్ళ పిల్లని సీటు కోసం ఇల్లు కదిలించడం నాకు ససేమిరా ఇష్టం లేదు, ఎంత అమ్మమ్మ ఇల్లయినా.

“అక్కడ బళ్ళో నన్ను ఒడియా పిల్ల అంటారు. అది రూలు వల్ల వచ్చిందా, నాతో పుట్టిందా?” అని అడిగింది పిల్ల. వాళ్ళ నాన్న పేపరు మడిచి, ముందు టీసీకి అర్జీ ఎప్పటిలోగా పెట్టాలో కనుక్కోమన్నారు.