మెర్రి వాగు గట్టున గంగపాయలాకు

మెల్‌బోర్న్‌లో నాది కూరగాయల పని. పండించడం కాదు, సూపర్ మార్కెట్లకు సరుకు పంపే ఒక గోడౌన్‌లో, చలిగదిలో, రాత్రి షిఫ్టు. హెడ్‌సెట్‌లో ఒక గొంతు నంబరు చెబుతుంది. ఆ వరసకెళ్లి, అక్కడున్న అంకెలు అప్పజెప్పి, పెట్టె తీసి ప్యాలెట్ మీద పేర్చాలి. వెంటనే ఇంకో నంబరు. పాలకూర, టమాటా, క్యాప్సికమ్, అన్నీ అట్టపెట్టెల్లోనే. నాలుగేళ్లలో ఎంత బరువు మోశానో లెక్కలేదు గానీ, వేరుకంటిన పిడికెడు మట్టి కూడా కళ్లబడలేదు. గంటకు ఎన్ని పెట్టెలు తీశావన్నదే అక్కడ ముఖ్యం. అది తగ్గిందంటే వచ్చేవారం షిఫ్టుల మెసేజ్ రాదు.

గుంటూరు జిల్లాలో మిరప వేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది.

కింది వాటాలో ఉండే రిటైరైన టీచరమ్మ ఫిబ్రవరిలో ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "నీకు సైకిల్ ఉంది కదా, ఆదివారం మాతో రా, తోటలు చూద్దాం" అంది. శనివారం రాత్రి షిఫ్టు చేసి, మూడు గంటలు పడుకుని, సన్‌షైన్ స్టేషన్‌లో సైకిల్‌తో సహా రైలెక్కాను.

పద్నాలుగు మందిమి. యారా నది ఒడ్డున కాలింగ్‌వుడ్ చిల్డ్రన్స్ ఫార్మ్ దగ్గర బయల్దేరాం. 1979 నుంచి ఉందట, నగరం నడిబొడ్డున ఆవులు, మేకలు, చుట్టుపక్కల వాళ్లు సాగుచేసుకునే మడులు. ఆవు పేడ వాసన తగలగానే కాసేపు అక్కడే నిలబడిపోయాను. తర్వాత డైట్స్ ఫాల్స్ దగ్గర, మెర్రి వాగు యారాలో కలిసేచోట మలుపు తిరిగి, వాగు వెంబడే పైకి. ఇది ఇక్కడి ఆదివాసులైన వురుండ్జెరి వాళ్ల నేల, వాళ్ల భాషలో మెర్రి అంటే రాళ్లు. పేరుకు తగ్గట్టే అడుగడుగునా నల్లరాయి. ఎత్తు వచ్చినప్పుడల్లా నా గొలుసు జారిపోయేది.

ఈస్ట్ బ్రన్స్‌విక్‌లోని సెరీస్ అనే ఉమ్మడి తోట చేరాక ముందు అక్కడి బైక్ షెడ్డుకెళ్లాను. అక్కడ ఎవరూ మన సైకిల్ బాగుచేసి ఇవ్వరు. స్పానర్ చేతిలో పెట్టి, పక్కన నిలబడి, "నువ్వే తిప్పు" అంటారు. వెనక చక్రం వదులుచేసి కొద్దిగా లాగితే గొలుసు బిగిసింది. నా చేతికి గ్రీజు అంటితే ఆ వాలంటీరుకు నాకన్నా ఎక్కువ సంతోషం.

సెరీస్ నేల కథ వింటే మా నాన్న నమ్మడు. ఒకప్పుడు నల్లరాయి క్వారీ, రాయి తవ్వేశాక ఊరి చెత్త పోసిన గుంత. 1982లో చుట్టుపక్కల జనం పూనుకుని ఇక్కడ చెట్లు నాటడం మొదలుపెట్టారు. ఇప్పుడు మడులు, కోళ్లు, నర్సరీ. ప్రకృతి తీరునే అనుసరించి సాగుచేసే పద్ధతికి పర్మాకల్చర్ అన్న మాటను 1970ల్లో టాస్మేనియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ పుట్టించారు. 2017లో ఆ పద్ధతివాళ్ల అంతర్జాతీయ సమావేశం మన హైదరాబాద్‌లో జరిగిందని చెబితే గుంపులో సగం మంది నావైపు తిరిగారు. నేల ఎండకు బోసిగా ఉండకూడదని గడ్డి పరిచి చూపిస్తుంటే, మా నాన్న "ఆచ్ఛాదన" అనేది దీన్నే కదా అనుకున్నాను.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. ఒక మడిలో కలుపు తీయమన్నారు. గుంపులో ఒక కుర్రాడు పీకి పక్కన పడేస్తున్న మొక్క చూశాను. నేలకంటుకుని పాకిన ఎర్రటి కాడ, చిన్న చిన్న దళసరి ఆకులు. గిల్లితే వేళ్లకు జిగురుగా తడి తగిలింది. నోట్లో వేసుకున్నాను, అదే పులుపు. గంగపాయలాకు!

"పారేయకు, మేం పప్పులో వేసుకుంటాం" అని గట్టిగానే అనేశాను. పక్క మడిలో నీళ్లు పోస్తున్న గ్రీకు ముసలామె క్యాను కింద పెట్టి గబగబా వచ్చింది. "గ్లిస్ట్రీదా!" అని, పెరుగులో కలిపి తినాలని చేత్తో కలుపుతున్నట్టు చూపించింది. ఆమెకు నా ఇంగ్లీషు అర్థం కాలేదు, నాకు ఆమె గ్రీకు అర్థం కాలేదు. కలుపు కుప్పలోంచి ఇద్దరం ఏరుకుంటూ కూర్చున్నాం.

టీచరమ్మ వచ్చి, మీ ఊళ్లో ఎరువు ఎలా చేస్తారని అడిగింది. జీవామృతం చెప్పాను: పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి, రెండు వందల లీటర్ల నీళ్లు. నీడన ఉంచి, రోజూ కలియబెడుతూ, రెండు రోజులు ఊరనిచ్చి ఎకరానికి పారించాలి. ఒకాయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. బెల్లం ఎందుకని అడిగాడు. మట్టి గట్టుదే ఎందుకని అడిగాడు. ఈ దేశంలో నా నోట్లోంచి వచ్చిన మాట ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి. చెబుతుంటే నా గొంతు కాస్త వణికింది.

సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరి అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. మిరప కోతలు, నాన్న చేలోనే ఉన్నాడట. ఆకు వీడియోలో చూపించాను.

"అక్కడ కూడా మొలుస్తుందా అది! కందిపప్పు నానబెట్టావా?"

"పెట్టానమ్మా."

"అయితే చింతపండు తగ్గించెయ్. దానికే పులుపుంటుంది."