ఎదిగే పిల్లవాడికి ఎంత బ్యాటు?

గత వసంతంలో మా పదేళ్ల అబ్బాయి ఇక్కడ డాలస్ శివార్లలోని ఒక లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ లీగ్) జట్టులో చేరినప్పుడు, వాడికి బేస్‌బాల్ బ్యాటు కొనే పని నాకు అప్పగించారు. పిల్లలకు చొక్కా కొన్నా, చెప్పులు కొన్నా ఒక సైజు పెద్దవి తీసుకునే ఇంట్లో పెరిగినవాడిని కనుక, వచ్చే ఏడాదికి కూడా పనికివస్తుందని లెక్క వేసి 31 అంగుళాల పొడవు, 21 ఔన్సుల బరువు గల బ్యాటును తెచ్చాను. బరువైన బ్యాటుతోనే బంతి దూరం పోతుందన్న పాత క్రికెట్ నమ్మకమూ ఇందులో కొంత ఉంది.

మొదటి సాధనలోనే బంతి ప్లేటు (బ్యాటర్ పక్కన నేలపై ఉండే పలక) దాటిపోయాక గాని వాడి బ్యాటు ముందుకు రాలేదు. కోచ్ ఏమీ అనకుండా, బ్యాటును ఒంటి చేత్తో పక్కకు చాచి పట్టుకోమన్నారు. అర నిమిషం గడవక ముందే వాడి చెయ్యి వణికి కిందికి దిగింది. తర్వాత బ్యాటును కాలి పక్కన నిలబెట్టి చూశారు. వేలాడే చేతికి అరచేతి దగ్గర అందవలసిన పిడి చివర, వాడికి మణికట్టు దాటి పైకి వచ్చింది.

పొడవు అంగుళాల్లోంచి బరువు ఔన్సులను తీసివేస్తే మిగిలేదాన్ని ఇక్కడ డ్రాప్ అంటారు. నేను కొన్నదానికీ, తర్వాత వాడికి సరిపోయిన 28 అంగుళాల, 18 ఔన్సుల బ్యాటుకూ డ్రాప్ ఒక్కటే, 10. అంటే ఆ అంకె ఒక్కటే చూసి కొనడం చాలదు. పొడవూ బరువూ రెండూ సమానంగా ఉన్న బ్యాట్లలో కూడా, బరువు కొన వైపు ఎక్కువగా ఉన్నది తిప్పడానికి భారంగా తోస్తుంది. మన క్రికెట్‌లో పికప్ అనేది దీన్నే. పాతతరం బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ 40 ఔన్సులు మించిన బ్యాట్లు వాడాడని గొప్పగా చెప్పుకుంటారు గాని, నేటి మేజర్ లీగ్ (అమెరికాలో అగ్రశ్రేణి వృత్తి బేస్‌బాల్) ఆటగాళ్లలో చాలామంది 31 నుంచి 33 ఔన్సుల దగ్గరే ఆగిపోతారు.

రెండో బ్యాటుకు కాంపోజిట్ (కార్బన్ పీచుతో చేసిన బ్యాటు) జోలికి పోలేదు. అది కొట్టగా కొట్టగా గాని పదును తేలదు, చలిలో వాడితే పగిలే ప్రమాదమూ ఉంది. ఏడాదికోసారి మార్చవలసిన వయసులో అంత ధర పెట్టడం నాకు సబబుగా తోచక అల్యూమినియం మిశ్రమలోహపు బ్యాటునే ఎంచుకున్నాను.

ఇన్నిటికంటే ముందు చూడవలసిన ముద్రను నేను అన్నిటికంటే చివర చూశాను. 2018 జనవరి 1 నుంచి లిటిల్ లీగ్‌లో చెక్కవి కాని పిల్లల బ్యాట్లపై యూఎస్ఏ బేస్‌బాల్ అనే సంస్థ ముద్ర తప్పనిసరి. నా మొదటి బ్యాటుపై ఉన్నది యూఎస్ఎస్ఎస్ఏ అనే మరో క్రీడాసంస్థ ముద్ర. అది వేరే టోర్నమెంట్లకు చెల్లుతుంది గాని ఇక్కడ చెల్లదు. వాడు 31 అంగుళాల బ్యాటుకు తగినంత ఎదిగే రోజు ఎలాగూ వస్తుంది, కాని గ్యారేజీలో ఉన్న ఆ బ్యాటును అప్పటికైనా ఈ లీగ్ మైదానంలోకి రానివ్వరు.