అంతరిక్షంలో కుక్కర్ విజిల్

ఆదివారం

వారమంతా డబ్బింగ్ థియేటర్లో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేదాన్ని. ఆదివారం ఏ చప్పుడూ చెవిన పడకుండా గడిస్తే అదే నాకు పండగ. ఈ వారం ఆ ముచ్చట తీరలేదు. కేపీహెచ్‌బీలో ఉండే మా అన్నయ్య కొడుకు నిన్న రాత్రే ఫోన్ చేశాడు. "అత్తా, సినిమా అయిపోయింది. నువ్వు చూసి సరే అన్నాకే బయటికి వదులుతాం" అన్నాడు.

సినిమా అంటే వాడూ, వాడి కాలేజీ స్నేహితులూ కలిసి తీసిన స్టార్ ట్రెక్ ఫ్యాన్ ఫిల్మ్. అంతరిక్ష నౌక కథలతో వచ్చిన ఆ అమెరికా టీవీ సీరియల్ మీద అభిమానంతో సొంతంగా తీసుకున్నదన్నమాట. ఏడాదిగా ఆ ఇంట్లో వేరే మాట లేదు. పండక్కి కొన్న ఆకుపచ్చ దుప్పటి కనిపించట్లేదని మా వదిన బీరువాలన్నీ వెతికితే, అది మేడ మీద వీళ్ళకి గ్రీన్ మ్యాట్ (తర్వాత కంప్యూటర్లో వేరే దృశ్యం కలపడానికి వెనక కట్టే తెర) అయి వేలాడుతోంది.

యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పదకొండున్నరకల్లా వెళ్ళాను. ఎండ మండిపోతోంది. వదిన చింతచిగురు పప్పు, వడియాలు చేసింది. ముందు తినేస్తే నిద్ర వస్తుందని కుర్రాళ్ళు భయపడి, సినిమా చూశాకే భోజనాలన్నారు. ఆ భయంలో కొంత న్యాయం ఉందని తర్వాత తెలిసింది.

హాల్లో కర్టెన్లు వేసి టీవీకి పెన్ డ్రైవ్ పెట్టారు. నిడివి నలభై ఏడు నిమిషాలు. మొదటి మూడు నిమిషాలూ తెర మీద అక్షరాలు కింద నుంచి పైకి పోతూనే ఉన్నాయి. ఇరవై మూడో శతాబ్దం, ఏవో రెండు జాతుల మధ్య ఒప్పందం, ఆ ఒప్పందం ఎందుకు చెడింది, చెడగొట్టినవాడి తాత ఎవరు... అన్నయ్య కళ్ళద్దాలు పెట్టుకునేలోపు సగం పోయాయి. ఆ తర్వాత అంతరిక్ష నౌక. ఎడమ నుంచి కుడికి వెళ్ళింది, కింద నుంచి చూపించారు, పైనుంచి చూపించారు, మళ్ళీ కుడి నుంచి ఎడమకి వచ్చింది. చాలా బాగా చేశారు, అబద్ధం చెప్పను. ఇంట్లో కంప్యూటర్ మీద ఈ మాత్రం సీజీ రావడం నా చిన్నప్పుడు ఊహకందని విషయం. కానీ ఆ నౌకలో ఎవరున్నారో, ఎక్కడికి పోతున్నారో ఇంకా తెలియదు.

లోపలికి వెళ్ళాం. అపార్ట్‌మెంట్ సెల్లార్లో థర్మాకోల్ షీట్లకి వెండి రంగు కొట్టి, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న ఎల్ఈడీ స్ట్రిప్పులు అంటించి, పాత కీబోర్డుల మీటలు పీకి అమర్చి కంట్రోల్ రూమ్ చేశారు. కెప్టెన్ది ఆఫీసు కుర్చీ. ఆయన తిరిగినప్పుడల్లా కుర్చీ కిర్రుమంటుంది. ఆయనంటే మావాడే. ఫ్యాన్ ఫిల్మ్ ఎక్కడ చూసినా ఇదే వరస, కెమెరా ఎవరిదైతే కెప్టెన్ వాడే. పక్కన ఇరవై రెండేళ్ళ అడ్మిరల్, తెల్ల గడ్డం ఒక చెవి దగ్గర ఊడి వస్తోంది. పొద్దున నేను దాటి వచ్చిన కృష్ణానగర్లో, షూటింగ్ వ్యాన్ కోసం నిలబడ్డవాళ్ళలో నిజంగా నెరిసిన గడ్డంతో, గంభీరమైన గొంతుతో ఎంతమంది ఉన్నారు! ఒక పూట బతిమాలితే వచ్చేవాళ్ళు. బృందంలో ఉన్న ఒక్క అమ్మాయికీ కంప్యూటర్ గొంతు ఇచ్చారు, అదీ ఫోన్లో రికార్డు చేసి పంపమని.

కెప్టెన్ అన్నాడు: "లెఫ్టినెంట్, ఈ గ్రహం మీద యుద్ధం జరిగి మూడేళ్ళయిందని నీకు తెలుసు."

లెఫ్టినెంట్ అన్నాడు: "తెలుసు కెప్టెన్. ఆ యుద్ధంలోనే మీ తమ్ముడు చనిపోయాడు."

"ఇద్దరికీ తెలిసినప్పుడు మళ్ళీ చెప్పుకోవడం ఎందుకురా?" అంది వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ మా వదిన. ఎడిటింగ్ టేబుల్ దగ్గర డబ్బులిచ్చి కూర్చోబెట్టాల్సిన మనిషి.

ఆ తమ్ముడి గురించి కెప్టెన్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుండగా కుక్కర్ విజిల్ వేసింది. మా వంటింట్లో కాదు, నౌకలో. ఒకటి కాదు, వరసగా. "అది మన కుక్కరే, వెయిటు అరిగిపోయింది కదా, అలాగే కూస్తుంది" అని వదిన గుర్తుపట్టేసింది. సెల్లార్లో సరిగా రాలేదని ఆ క్లోజప్‌లు ఇంట్లో తీశారట. కుర్రాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. మావాడు మాత్రం నవ్వలేదు.

విజిల్‌దేముంది, ఒక్కసారి నవ్వుకుంటే పోతుంది. నా ప్రాణం తీసింది మిగతా సౌండ్. షాట్ మారినప్పుడల్లా గది మారిపోతోంది. కెప్టెన్ మాట్లాడితే వెనక సీలింగ్ ఫ్యాను, లెఫ్టినెంట్ బదులిస్తే ఫ్యాను లేదు, దూరంగా బైకు. మళ్ళీ కెప్టెన్, మళ్ళీ ఫ్యాను. మాటలన్నీ కెమెరాకున్న మైకులోనే పట్టారు. మనిషి ఆరడుగుల దూరంలో, గొంతు నూతిలో. మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ఏ పిల్లాడికైనా మొదట చెప్పేది ఒకటే. ప్యాకప్ అనేముందు అందర్నీ నోరు మూసుకోమని, ఆ గది చప్పుడు అర నిమిషం పట్టుకో. దాన్నే రూమ్ టోన్ అంటాం. మాటల మధ్య దాన్ని పరిస్తే కోతలు తెలియవు. దానికి పైసా ఖర్చు లేదు. ఎల్ఈడీ దీపాలకి ఎంతయిందని అడిగితే పదకొండు వేలన్నారు. కాలర్‌కి పెట్టుకునే మైకు మాత్రం అద్దెకి కూడా తేలేదట.

ఎఫెక్ట్స్ అన్నీ నెట్లో ఉచితంగా దొరికేవి. ఆ తలుపు చప్పుడు, ఆ లేజర్ చప్పుడు నేను ఇప్పటికి ఎన్ని షార్ట్ ఫిల్మ్‌లలో విన్నానో! వాళ్ళకి బెన్ బర్ట్ సంగతి చెప్పాను. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌కి సౌండ్ చేసినాయన. అందులో లైట్‌సేబర్ అనే వెలుగు కత్తి గుంయ్‌మనే చప్పుడు పాత సినిమా ప్రొజెక్టర్ మోటారుది, దానికి టీవీ పిక్చర్ ట్యూబ్ దగ్గర మైకు పెడితే వచ్చిన రొద కలిపాడు. తుపాకీ చప్పుడు కోసం రేడియో టవర్‌ని లాగి కట్టిన ఇనుప తీగ మీద సుత్తితో కొట్టాడు. శత్రువుల విమానం దూసుకుపోయే చప్పుడు ఏనుగు ఘీంకారం, తడి రోడ్డు మీద కారు వెళ్ళే చప్పుడు, రెండూ కలిపింది. అంతరిక్షంలో గాలి లేదు, చప్పుడూ ఉండదు, అది వేరే సంగతి. ఆ చిన్న అబద్ధాన్ని అందరం ఒప్పేసుకున్నాం. "ఏనుగెక్కడ తెస్తాం ఆంటీ?" అన్నాడొకడు. ఏనుగెందుకు, ఇంట్లో తడి గ్రైండరుంది, లిఫ్టుంది, నీళ్ళ మోటారుంది. మా వదిన వాళ్ళ లిఫ్టు గ్రిల్ మూసే చప్పుడు విన్నారా? నౌక తలుపు అదే.

డబ్బు లేకపోవడం వల్ల ఇలా అయిందని మావాడి వాదన. అక్కడే నాకు చిర్రెత్తుకొచ్చింది. వాడు పూజించే స్టార్ ట్రెక్ 1966లో మొదలైనప్పుడు వాళ్ళ దగ్గర మాత్రం డబ్బెక్కడుంది? ప్రతి వారం నౌక గ్రహం మీద దిగినట్టు తీయడానికి బడ్జెట్ చాలక, మనుషులే ఇక్కడ మాయమై అక్కడ ప్రత్యక్షమయ్యే యంత్రాన్ని కనిపెట్టారు. ఆ మెరుపుల కోసం అల్యూమినియం పొడి రాల్చి, దాని మీద వెలుగు వేసి తీశారు. ఒక ఎపిసోడ్ కోసం విచిత్రమైన ఆకారాల్లో ఉప్పు సీసాలు కొన్నారు. వాటిని చూస్తే ఉప్పు సీసాలని ఎవరూ పోల్చుకోలేరనిపించి, డాక్టర్ చేతికిచ్చి వైద్య పరికరాలు చేసేశారు. ఇదంతా మావాడు నాకే చాలాసార్లు చెప్పాడు. వాడికి ఆ ఉప్పు సీసా కొలతలు కూడా తెలుసు. అచ్చు అలాంటిదే త్రీడీ ప్రింటింగ్ చేయించాడు, నాలుగు వేలు పోసి. వంటింట్లో సీసా ఉంది కదరా అంటే, అది కేనన్‌లో లేదంటాడు.

ఈ కేనన్ ఒకటి. మూల కథలో ఉన్నదే ఉండాలి, లేనిది ఉండకూడదు. బ్యాడ్జీ ఛాతీకి ఎడమ వైపా కుడి వైపా అన్నదాని మీద రెండు వారాలు మాటలు మానేసుకున్నారట ఇద్దరు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న సినిమాలో కెప్టెన్ ఒక్కసారైనా ఎవరినీ భోంచేశావా అని అడగడు.

గ్రహం సీన్లు ఖాజాగూడ బండల మీద తీశారు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసున్న దక్కను గ్రానైట్ అది. దానికంటే వేరే లోకం ఎక్కడికి పోయి వెతుకుతాం? పొద్దున్నే ఆరింటి వెలుతురులో తీసిన రెండు షాట్లు చూసి నేను నిజంగానే ముందుకు వంగాను. తీరా తెలిసిందేమిటంటే, వెనక కనిపించే అద్దాల టవర్లని ఒక్కో ఫ్రేములో చెరపడానికి రెండు నెలలు పట్టిందట. చెరపడం ఎందుకు? ఆ గ్రహవాసుల ఊరు అదే అంటే అయిపోయేదిగా. ఈ మాటకి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ముప్పై నాలుగో నిమిషంలో అనుకుంటా, ఒక సీను వచ్చింది. నౌకలో ఎర్ర లైట్లు, ప్రమాద ఘంటికలు. ఇంజన్ గదిలో ఒక కుర్రాడు కింద కూర్చుని స్టీలు క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటీ విప్పుతున్నాడు. పై గిన్నె మూత రాక మోకాళ్ళ మధ్య పెట్టుకుని లాగాడు. స్పీకర్లో కెప్టెన్ అరుస్తుంటే తల కూడా ఎత్తకుండా, "ఇంజన్ రెండు నిమిషాలు ఆగమంటోంది సార్. నేనూ అదే అంటున్నా" అన్నాడు. అన్నయ్య పకపకా నవ్వాడు. అప్పటిదాకా ఆయన నిద్రపోయాడనే అనుకున్నాను. ఆ మాటలు స్క్రిప్టులో లేవట, వాడికి నిజంగానే ఆకలేసి అనేశాడట. "అది తీసేస్తున్నాం అత్తా, టోన్ కుదరట్లేదు" అన్నాడు మావాడు.

కాసేపు మాట్లాడలేకపోయాను.

భోజనాల దగ్గర పెద్ద వాదనే జరిగింది. నిడివి సగం చేయమన్నాను. దానికి వాడు ఆక్సనార్ కేసు ఎత్తాడు. అమెరికాలో కొందరు అభిమానులు 2014లో ఇరవై నిమిషాల చిన్న సినిమా తీస్తే జనం మెచ్చుకున్నారు. ఆ ఊపులో 'ఆక్సనార్' అని పూర్తి నిడివి సినిమా తీస్తామని జనం దగ్గర పది లక్షల డాలర్లకి పైగా పోగు చేశారు. 2015 డిసెంబరులో స్టార్ ట్రెక్ హక్కులున్న సీబీఎస్, పారామౌంట్ సంస్థలు కోర్టుకెక్కాయి. కేసు నడుస్తుండగానే, 2016 జూన్‌లో, ఆ సంస్థలే ఫ్యాన్ ఫిల్మ్‌లన్నిటికీ కలిపి నిబంధనలు పెట్టాయి. ఒక కథ పదిహేను నిమిషాలు దాటకూడదు, రెండు భాగాలైతే మొత్తం అరగంట, చందాలు యాభై వేల డాలర్లు మించకూడదు, పని చేసేవాళ్ళు డబ్బు తీసుకోకూడదు, పేరులో స్టార్ ట్రెక్ అన్న మాట ఉండకూడదు, కింద మాత్రం ఇది ఫ్యాన్ ప్రొడక్షన్ అని రాయాలి. 2017 జనవరిలో రాజీ కుదిరింది. ఆ పెద్ద సినిమా కాస్తా పదిహేను నిమిషాల భాగాలు రెండింటికి కుదించుకుపోయింది.

"అభిమానుల గొంతు నొక్కేశారు" అన్నాడు మావాడు. డబ్బు షరతుల సంగతి నేను వాదించను, పెద్ద కంపెనీల లెక్కలు వాళ్ళవి. కానీ ఆ పదిహేను నిమిషాల గీత ఉంది చూశారూ, అది ఏ లాయరు రాశాడో గానీ వాడికి ఎడిటింగ్ తెలుసు! అభిమాని తన షాటు తాను కోసుకోలేడు. దగ్గరుండి కోయించేవాడు లేడు, నిర్మాత తిట్టడు, హాలువాడు ఆట పెంచనని అనడు. కష్టపడి చేసిన ప్రతిదీ తెర మీద ఉండాల్సిందే. ఆ అమెరికా వాళ్ళ విషయంలోనూ జనం మెచ్చుకున్నది ఇరవై నిమిషాల దాన్నేగా. మావాడి పోస్టరు మీద స్టార్ ట్రెక్ అని అరచేతి మందం అక్షరాలున్నాయి, పైగా చివర్లో 'మొదటి భాగం సమాప్తం' అని వేశాడు. రెండో భాగానికి ఉన్న సరంజామా అంతా ఆ ఊడిపోతున్న గడ్డమే.

వదిన వడియాలు వడ్డిస్తూ, "మన 'ఆదిత్య 369' లాంటిది తీయచ్చు కదరా, ఇదంతా ఎవరికి తెలుస్తుంది" అంది. 1991లో సింగీతం గారు కాలయంత్రాన్ని 1526కి తీసుకెళ్ళి రాయల సభలో దింపారు. ఆ యంత్రం బొమ్మ గీయమంటే నాకు చేతకాదు. జంధ్యాల రాసిన మాటలైతే మా అన్నయ్య ఇప్పటికీ అప్పజెబుతాడు, ఆపమనేదాకా. ఇవాళ కూడా మొదలెట్టాడు. కుర్రాళ్ళు పెరుగన్నం కలుపుకుంటూ వింటూ కూర్చున్నారు. వాళ్ళ సినిమాలో ఏ మాటకీ అంతసేపు తలెత్తలేదని నేను అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

బయల్దేరేముందు ఒప్పందం చేసుకున్నాం. మంగళవారం ఆఖరి సెషన్ అయ్యాక మా ఓనర్ని అడిగి రెండు గంటలు థియేటర్ ఇప్పిస్తాను. అందరూ వచ్చి మాటలు మళ్ళీ చెప్పాలి. ఆ కంప్యూటర్ గొంతు అమ్మాయి తప్పకుండా రావాలి. ఫోన్లో రికార్డు చేసినా పదాలు స్పష్టంగా పలికింది ఆ పిల్లొక్కతే. క్యారియర్ సీను ఉండాలి. గిన్నె మూత చప్పుడు నేనే పడతాను, ఆ క్యారియర్ కూడా తెమ్మన్నాను.

రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో మావాడు: "31కి వచ్చింది. ఇంక తగ్గదు అత్తా."

"మొదట్లో పైకి పోయే అక్షరాలు తీసెయ్" అని పెట్టాను.

"అవి తీస్తే కథ అర్థం కాదు."

"ఉన్నా అర్థం కాలేదురా."

చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. పావుగంట తర్వాత 28 అని ఒక అంకె, పక్కన ఏడుపు బొమ్మ వచ్చాయి.