చీర ఫొటోలో గీత మారితే

తిరుపతిలో నేను కలంకారీ చీరలు, దుపట్టాలు అమ్ముతాను. సరుకు ఎక్కువగా శ్రీకాళహస్తిదే. ఇప్పుడు కొట్టుకు వచ్చేవాళ్లకంటే ఫోన్లో చూసి కొనేవాళ్లే ఎక్కువ కాబట్టి ఫొటోల పని పెరిగింది. ఫొటోలు తీసే అబ్బాయి మొన్న ఒక ఏఐ యాప్ చూపించాడు. "అక్కా, చీర పరిచి ఒక్క ఫొటో తీస్తే చాలు, మోడల్ కట్టుకున్నట్టు అదే చేసిస్తుంది" అన్నాడు. బొమ్మ చాలా బాగా వచ్చింది. పెద్దది చేసి చూస్తే పైట మీది రథానికి ఒక చక్రం తగ్గింది. నెమలి మెడ దగ్గర లావుగా మొదలై సన్నబడే గీతని ఒకే మందంలో సాఫు చేసేసింది. వద్దని చెప్పాను.

కొనేవాళ్లు డబ్బు ఇచ్చేది ఆ గీతకే. గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాల వల్ల రంగు పక్కకి పాకదు. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ వేసుకుని, గుడ్డ చుట్టిన వెదురు కలంతో దాని మీద గీస్తారు. నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం రోజుల తరబడి నీళ్లలో నానబెడతారు. ఆ నీళ్లు గుడ్డలోని కరక్కాయకు తగిలాకే నల్లబడతాయి. ఎరుపుకు పటిక పూయాలి, ఉడకబెట్టాలి, మళ్లీ ఉతకాలి. కలం ఎక్కువ పీల్చిన చోట గీత లావవుతుంది. చేతిపనికి గుర్తు అదే. యాప్ దాన్ని తప్పనుకుని దిద్దేస్తుంది. అలా దిద్దిన ఫొటో చూసి డబ్బు కట్టినవాళ్లకి నేను పంపేది వేరే చీర అవుతుంది కదా!

నన్ను ఇంతకంటే బాధపెట్టే సంగతి ఇంకోటుంది. మాకు పని చేసిచ్చే ఒక అన్న, తను వేసిన రామాయణం తెరలాంటిదే ఒక ఆన్‌లైన్ ప్రకటనలో చూశాడు. ఘట్టాల వరస అదే, ముఖాలు మాత్రం వేరు. ఏఐతో మార్చి, పాలిస్టర్ మీద ప్రింటు కొట్టి, శ్రీకాళహస్తి చేతిపని అని పెట్టారు. "దీని మీద కంప్లైంటు ఎక్కడ ఇయ్యాలమ్మా?" అని అడిగాడు. శ్రీకాళహస్తి కలంకారీ అనే పేరుకి 2005-06లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ఊరి పనికే చెందుతుందనే గుర్తింపు వచ్చింది, పేరు తప్పుగా వాడితే 1999 చట్టం కింద నేరం, ఆ దారి ఉందని చెప్పాను. బొమ్మ సంగతి అలా కాదు. అటూ ఇటూ మార్చిన బొమ్మ తనదేనని నిరూపించుకోవడం ఆయన లాంటి మనిషికి చాలా కష్టం. ఏళ్ల తరబడి చేతికి వచ్చిన విద్యని అడగకుండా తీసుకున్నారు, ఒక్క రూపాయి ఇవ్వలేదు. దీన్ని టెక్నాలజీ అని నేను ఒప్పుకోలేను.

ఏఐని నేను వాడుతూనే ఉన్నాను. తమిళంలో, హిందీలో వచ్చే మెసేజీలకు జవాబులు దానితోనే రాయిస్తాను, చాలా మేలు. అయితే ఒకసారి ఒక దుపట్టా గురించి రాయమంటే "పూర్తిగా సహజ రంగులు" అని దానంతట అదే చేర్చింది. అందులో ఉన్నవి కెమికల్ రంగులు. ఆ మాట తీసేశాకే పెట్టాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. యాప్ రాసిందంటే తప్పించుకోలేం. కెనడాలో ఒక విమాన సంస్థ చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు చెబితే, ఆ మాటకి బాధ్యత సంస్థదేనని 2024లో అక్కడి ట్రిబ్యునల్ తేల్చి, ప్రయాణికుడికి డబ్బు ఇప్పించింది.

ఇప్పుడు మా అక్క కూతురు చీర కట్టుకుంటే మేడ మీద పగటి వెలుగులో ఫొటోలు తీస్తున్నాం. ప్రతి చీర కింద కలం పనో, మచిలీపట్నం చెక్క అచ్చు పనో, ప్రింటో రాస్తున్నాం. కళాకారుల బొమ్మలు వాళ్లని అడగకుండా ఏ యాప్‌లోనూ ఎక్కించం. తోటి వ్యాపారులూ ఇలా చేయాలని నా కోరిక. ప్రింటు అమ్మండి, తక్కువ ధరలో కావాలనుకునేవాళ్లూ ఉంటారు. ప్రింటు అని రాసి అమ్మండి. ఒకరి బొమ్మని ఏఐకి ఇచ్చి కొత్త డిజైన్లు చేయించుకోవాలంటే ముందు వాళ్లింటికి వెళ్లి అడగండి, రేటు మాట్లాడుకోండి.