మీటర్ గేజు పాళెగాడు యెన్ షీషాన్

పాకాల-ధర్మవరం లైను మీటర్ గేజుగా (పట్టాల మధ్య ఒక మీటరు ఎడం) నడిచిన కాలం మన తిరుపతి వైపు చాలామందికి గుర్తే. బ్రాడ్ గేజు వ్యాగన్లో వచ్చిన సరుకు జంక్షన్లో దించాలి, చిన్న బండికి మళ్ళీ ఎక్కించాలి. కూలీ, ఆలస్యం, తరుగు అన్నీ అక్కడే. చైనాలో ఒక సేనాధిపతి ఈ ఇబ్బందినే తన రాష్ట్రానికి కోటగోడ చేసుకున్నాడని అంటుంటారు. అందులో సగమే నిజం.

ఆయన యెన్ షీషాన్. 1883లో షాన్షీ రాష్ట్రంలో పుట్టాడు. జపాన్ సైనిక అకాడమీ చదువు 1909లో ముగించాడు. 1911 అక్టోబర్ 29న షాన్షీ రాజధాని తైయువాన్‌లో సైన్యం తిరగబడి చింగ్ రాజవంశపు గవర్నరును చంపేసింది. అప్పటికి అక్కడ ఒక రెజిమెంటు యెన్ చేతిలో ఉంది. 28 ఏళ్ళకే మిలిటరీ గవర్నరయ్యాడు. చైనా రిపబ్లిక్ అధ్యక్షుడైన యువాన్ షికాయ్ ఉన్నన్నాళ్ళూ ఆయనకు తలవంచాడు, 1916లో ఆయన పోయాక బీజింగులో పైచేయి ఎవరిదైతే వాళ్ళతో సర్దుకున్నాడు, 1927లో జాతీయవాదుల నాయకుడు చియాంగ్ కై షెక్ పక్షంలో చేరాడు.

ఇక రైలు సంగతి. షాన్షీకి తూర్పున తైహాంగ్ కొండలు, పడమటా దక్షిణానా పసుపు నది. తూర్పు కొండల్లో ముఖ్యమైన దారి నియాంగ్జి కనుమ. ఆ దారిన ఫ్రెంచివాళ్ళు వేసిన షీజియాజువాంగ్-తైయువాన్ లైను 1907కే పూర్తయింది, అదీ మీటర్ గేజే. దాన్ని యెన్‌కు అంటగట్టడం పొరపాటు. కొండ మలుపులకు, తక్కువ ఖర్చుకు అది సరిపోయింది. 1930లలో దాతోంగ్ నుంచి దక్షిణాన పసుపు నది ఒడ్డుదాకా ఆయన వేయించిన తోంగ్‌పు లైనుకు కూడా అదే కొలత తీసుకున్నాడు. బయట 1435 మిల్లీమీటర్ల (స్టాండర్డ్ గేజు) పట్టాల మీద తిరిగే ఇంజన్లు లోపలికి రాలేవు. అది అదనపు లాభం, అంతే.

నన్నడిగితే ఆయన తెలివి పట్టాల్లో కన్నా తూటాల్లో ఎక్కువ కనిపిస్తుంది. తైయువాన్ ఆయుధాగారంలో అమెరికన్ థామ్సన్ సబ్‌మెషీన్ గన్నుకు నకళ్ళు తయారయ్యేవి. వాటి తూటా .45, అంటే 11.43 మిల్లీమీటర్లు. రైలు కాపలాదారుల దగ్గరున్న మౌజర్ పిస్తోలుది 7.63. రెండు రకాల తూటాలు ఒకే దళానికి పంపితే పెట్టెలు తారుమారవుతాయి, చేతిలో ఆయుధం ఉన్నా పేలదు. అందుకని మౌజర్‌నే .45కు పెంచి '17వ రకం' అని చేయించాడు. పిస్తోలు పెద్దదైంది, బరువెక్కింది. కానీ పెట్టె ఒక్కటే.

ఇంత లెక్క తెలిసినవాడు 1930లో గడప దాటాడు. మరో సేనాధిపతి ఫెంగ్ యూషియాంగ్‌తో కలిసి చియాంగ్ మీద మధ్య మైదానాల యుద్ధానికి దిగాడు. సెప్టెంబర్ 18న మంచూరియా యువ సేనాని జాంగ్ షూలియాంగ్ చియాంగ్ వైపు మొగ్గడంతో ఆట ముగిసింది. యెన్ అప్పట్లో జపాన్ చేతిలో ఉన్న దాలియన్‌కు పారిపోయాడు, షాన్షీ సొంతంగా అచ్చువేసుకున్న నోట్ల విలువ కుప్పకూలింది, వాటిని దాచుకున్న జనం మునిగారు. మరుసటి ఏడే తిరిగొచ్చాడు, 1932లో మళ్ళీ కుర్చీ ఎక్కాడు.

1937లో జపాన్ సైన్యాన్ని ఆ గేజు ఆపలేదు. అక్టోబర్ చివర్లో నియాంగ్జి కనుమ, నవంబర్‌లో తైయువాన్ పోయాయి. కనుమ దాటే లైనును తర్వాత జపాన్‌వాళ్ళే స్టాండర్డ్ గేజుకు మార్చుకున్నారు.