నెట్ లేనప్పుడూ నడవాల్సిన ప్రోగ్రామ్: నా ఐఓటీ కోర్సు గురించి

వెబ్ అప్లికేషన్ల సర్వర్ వైపు కోడ్ రాసేవారికి కొన్ని సౌకర్యాలు ఎంతగా అలవాటైపోతాయంటే, అవి సౌకర్యాలన్న సంగతే గుర్తుండదు. కరెంటు పోదు, నెట్ ఉంటుంది, మెమరీ చాలకపోతే మరికొంత తీసుకోవచ్చు. చెరువు గట్టు మీదో, పొలంలో మోటారు పక్కనో ఉండే పరికరానికి ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఖాయం కాదు. అక్కడ నడిచే సాఫ్ట్‌వేర్‌ను ఎలా ఆలోచించి రాస్తారో తెలుసుకోవాలనే, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ సుదీప్ మిశ్రా బోధించే ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ (ఐఓటీ, అంటే నెట్‌కు కలిపిన పరికరాలు) పరిచయ కోర్సులో చేరాను.

ఇది 12 వారాల కోర్సు. పాఠాలు వినడానికి రుసుము లేదు. సర్టిఫికెట్ కావాలనుకున్నవారు మాత్రం రుసుము కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. తుది మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25 శాతం, ఆ పరీక్షకు 75 శాతం. సెన్సర్లు, జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతి, ఆర్డుయినో, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డులు, క్లౌడ్, ఫాగ్ కంప్యూటింగ్ (లెక్కలను పరికరాలకు దగ్గర్లోనే చేయడం), వ్యవసాయంలోనూ వైద్యంలోనూ వీటి వాడకం... పరిధి చాలా పెద్దది. వాటన్నిటిలో నేను ఎక్కువ కాలం గడిపింది పరికరాల మధ్య సందేశాలు చేరవేసే ఎంక్యూటీటీ అనే ప్రోటోకాల్ దగ్గర.

చమురు పైపులైన్లను ఉపగ్రహ లింకుల ద్వారా గమనించడం కోసం 1999లో ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్‌కు చెందిన ఆర్లెన్ నిప్పర్ ఈ ప్రోటోకాల్‌ను రూపొందించారు. ఉపగ్రహం మీదుగా వెళ్లే ప్రతి బైటుకూ ఖర్చు ఉంటుంది కనుక, సందేశం ముందుండే స్థిర హెడర్ చిన్న సందేశాలకు 2 బైట్లకే సరిపోయేలా కుదించారు. పరికరాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. ప్రతిదీ తన సందేశాన్ని ఒక టాపిక్ పేరుతో బ్రోకర్ అనే మధ్యవర్తి సర్వర్‌కు పంపుతుంది, ఆ టాపిక్ కావాలన్నవారికి బ్రోకర్ దాన్ని చేరవేస్తుంది. సందేశం చేరడం విషయంలో మూడు స్థాయిల హామీ ఉంది: సున్నా స్థాయిలో చేరినా చేరకపోయినా పట్టించుకోదు, ఒకటో స్థాయిలో కనీసం ఒకసారి చేరుతుంది, రెండో స్థాయిలో కచ్చితంగా ఒక్కసారే చేరుతుంది.

కనీసం ఒకసారి అంటే రెండుసార్లు కూడా చేరవచ్చని అర్థం. దీని పర్యవసానం మీటను నిజంగా ఒక మోటారుకు కలిపినప్పుడే తెలుస్తుంది. "ఇప్పుడున్న స్థితిని మార్చు" అని పంపిన ఆదేశం రెండుసార్లు చేరితే మోటారు తిరగడం మొదలుపెట్టి ఆగిపోతుంది; "ఆన్‌లో ఉండు" అని పంపితే ఎన్నిసార్లు చేరినా నష్టం లేదు. అలాగే, చివరి సందేశాన్ని బ్రోకర్ దాచిపెట్టి కొత్తగా కలిసినవారికి అందించే రిటెయిన్ సదుపాయం సెన్సర్ రీడింగ్‌లకు ఎంతో ఉపయోగం. అదే సదుపాయాన్ని ఆదేశాలకు వాడితే, ఎప్పుడో ఇచ్చిన ఆదేశం కరెంటు తిరిగి రాగానే మళ్లీ అమలై, మోటారు పక్కన మనిషి ఉన్నా లేకున్నా తిరగడం మొదలవుతుంది.

మా బాబాయి భీమవరం దగ్గర వెనామీ రొయ్యల సాగు చేస్తారు. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్‌ను పీల్చుకుంటుందే తప్ప ఎండ లేనందున తయారు చేయలేదు. అప్పుడు నీటికి గాలి అందించే ఏరేటర్ అనే యంత్రాన్ని తిప్పాలి. నేను ఫోన్‌కు వచ్చే హెచ్చరికల గురించి చెబుతుంటే ఆయన ఒకే మాట అన్నారు: "మెసేజ్ సంగతి తర్వాత చూద్దాంరా, ముందు ఏరేటర్ తిరగాలి." ఫాగ్ కంప్యూటింగ్ పాఠాల సారం నాకు ఆ మాటలోనే బోధపడింది. ఏరేటర్‌ను ఎప్పుడు తిప్పాలన్న నిర్ణయం గట్టు మీది బోర్డులోనే జరగాలి. క్లౌడ్ పని లెక్కలు దాచడం, కబురు అందించడం వరకే.

కోర్సు వింటూ ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డును, నీటిలో ముంచగలిగే డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్‌ను పక్కన పెట్టుకున్నాను. వీడియోలతో పాటు ఇలాంటిదేదో చేతిలో ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. ఈ సెన్సర్‌కు పూర్తి ఖచ్చితత్వంతో కొలవడానికి 750 మిల్లీసెకన్లు పడుతుంది. విద్యుత్తు అందగానే దాని మెమరీలో ఉండే తొలి విలువ 85 డిగ్రీలు. తొలి కొలత పూర్తికాకముందే చదివినా, మధ్యలో విద్యుత్తు తడబడినా ఆ 85 వస్తుంది. డేటా దారిలో చెడిందో లేదో చూసే చెక్‌సమ్ కూడా సరిపోతుంది కనుక కోడ్‌కు అనుమానం రాదు. తొమ్మిది సార్లు 30 వచ్చి ఒకసారి 85 వస్తే సగటు 35.5 అవుతుంది, చెరువు నీరు వేడెక్కిపోయిందని ప్రోగ్రామ్ నమ్ముతుంది. అందుకే సగటు తీయడానికి ముందే ఆ విలువను పక్కన పెట్టాలి. వైరు ఊడితే ఆర్డుయినో లైబ్రరీ ఇచ్చే మైనస్ 127 విషయంలోనూ అంతే. వెబ్‌లో తప్పుడు డేటా మనుషుల నుంచి వస్తుంది. ఇక్కడ వైర్ల నుంచి కూడా వస్తుంది.

భద్రత గురించి కోర్సుకు వెలుపల కూడా చదవడం అవసరమనిపించింది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, తయారీదారులు పెట్టిన పాస్‌వర్డ్‌లను మార్చకుండా వదిలేసిన కెమెరాలను, రౌటర్లను పట్టుకుని వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే డైన్ సంస్థ సర్వర్ల మీద దాడికి వాడుకుంది. పరికరం ఒకసారి గట్టు మీదికి చేరాక దాని లోపాన్ని దూరం నుంచే సరిదిద్దగలగాలి. ప్రోగ్రామ్ నిల్వ ఉండే ఈఎస్‌పీ32 ఫ్లాష్ మెమరీలో ప్రోగ్రామ్‌కు రెండు భాగాలు పెట్టుకుని, కొత్త ప్రోగ్రామ్‌ను ఖాళీ భాగంలో రాసి, అది సవ్యంగా మొదలుకాకపోతే పాతదానికి తిరిగి వెళ్లేలా ఏర్పాటు చేయవచ్చు. ప్రస్తుతం నేను అదే రాస్తున్నాను. ఆ అప్‌డేట్ మధ్యాహ్నం ఎండ బాగా ఉండి, నీటిలో ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్న వేళలో తప్ప మొదలుకాకూడదన్న షరతును కూడా బోర్డు కోడ్‌లోనే పెడుతున్నాను.